కథ కాదు సారూ

"మన తుపాకుల పెద్దాయన పోయాడండీ. ఎల్లుండి ఫైటుకి తుపాకులు ఎవర్ని అడగాలో ఏంటో!" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు, పోయిన మంగళవారం ఫోనులో. నాకు ఒళ్లు మండింది. కానీ నేను చేసినదాని ముందు ఆ మాట ఎంత?

పెద్దాయన మిలటరీలో తుపాకులు బాగుచేసేవారు. రిటైరయ్యాక రహమత్ నగర్‌లో ఉంటూ, ఫిల్మ్ నగర్ స్టూడియోలో డమ్మీ తుపాకులు చూసుకునేవారు. చెక్క తుపాకీని కూడా గొట్టం నేలవైపు పెట్టి, రెండు చేతులా అందించేవారు. ఓ హీరో సరదాకి మేకప్‌మాన్ మీద గురిపెడితే, "ఉత్తదైనా మనిషి దిక్కు పెట్టొద్దు బాబూ" అని చేతిలోంచి తీసేసుకున్నారు.

అప్పట్లో నేను కామెడీ ట్రాకులు రాస్తున్నాను. ఓ మధ్యాహ్నం లైటింగు ఆలస్యమైతే మెట్ల మీద కూర్చుని ఆయన చెప్పుకొచ్చారు. మిలటరీలో ఉండగా, మన కుర్రాళ్ల జట్టు తుపాకులు చూడ్డానికి ఆయన్ని విదేశంలో జరిగిన జూనియర్ల పోటీకి పంపారట.

"పోరగాళ్లు ఈపుకి తుపాకి కట్టుకోని, కాళ్లకి పొడుగు పలకలు కట్టుకోని మంచుల ఉరుకుతరు సారూ. దమ్ము ఎక్కొస్తది. గప్పుడే బోర్ల పండుకోని అయిదు గుండ్లు కొట్టాలె. గుండె దడదడ అంటుంటది గదా, రెండు దడల నడుమ పేల్చాలె."

"తప్పితే?"

"తప్పిన గుండుకో సుట్టు ఎక్కువ ఉరకాలె. గంతే. తిట్టుడు లేదు, కొట్టుడు లేదు."

నేను పగలబడి నవ్వాను. "అబ్బ, కథ అదిరింది పెద్దాయనా!"

"కథ కాదు సారూ. నేను గాడ ఉన్న."

ఫిల్మ్ నగర్‌లో ఎవరు నోరు విప్పినా మా చెవికి కథే. ఇంట్లో జ్వరం అని చెప్పినా, సెకండాఫ్‌లో పెట్టొచ్చా అని చూసే జాతి మాది. ఆయన ఇంకా చెప్పబోతుంటే నేను కాగితం తీసి సీను రాసుకోవడం మొదలెట్టాను.

ఆ సినిమాలో ఓ కోతలరాయుడు కాళ్లకి చెక్కలు కట్టుకుని, భుజాన తుపాకీతో, మంచు బదులు పోసిన సున్నంలో జారి పడతాడు. హాళ్లలో ఒకటే ఈలలు. మర్నాటి నుంచి సెట్లో పెద్దాయన పేరు "మంచు మామ" అయిపోయింది. ఆయన నన్ను పక్కకి పిలిచి, "మంచిగ రాసినవ్ సారూ. హాలంత నవ్విండ్రు. గని నేను అబద్ధం చెప్పలే" అన్నారు.

"అయ్యో, సినిమా కదండీ" అని తప్పించుకున్నాను. ఆ పోటీ ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు.

రెండేళ్ల క్రితం జూబ్లీ హిల్స్‌లో మా ఇంటికి కేబుల్ వచ్చింది. ఛానళ్లు తిప్పుతుంటే మంచులో పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. వీపున తుపాకులు. పరుగెత్తుకొచ్చి బోర్లా పడుకుని కాలుస్తున్నారు. ఒకడికి గురి తప్పింది, చిన్న చుట్టు తిరగడానికి పోయాడు. అచ్చం ఆయన చెప్పినట్టే! సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు స్టూడియో గేటు దగ్గర కనిపించారు. "బాగున్నారా?" అని మాత్రం అడిగాను. "మీరు చెప్పింది నిజమే పెద్దాయనా" అన్న ఒక్క ముక్కకి నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను. పిరికివాణ్ణి.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. కాలేజీలో చదువుకుంటున్న కూతురితో, "మీ నాన్న ఆ మంచు పోటీ గురించి చెప్పింది నిజమేనమ్మా" అన్నాను.

"మంచేంది సార్? నాయిన మాకెన్నడు చెప్పలే" అంది.

నా సినిమా వచ్చేనాటికి ఆ పిల్లకి ఆరేడేళ్లు. విని అర్థం చేసుకునే వయసు వచ్చేసరికి ఆయన చెప్పడం మానేశారు.

నాకు తెలిసినంతా చెప్పాను. ఆమె మధ్యలో లేచి, "అమ్మా, గీడికి రా, నాయిన గురించి చెప్తుండ్రు" అని తల్లిని పిలుచుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అంతా విని, "మరి మనోళ్లు గెలిచిండ్రా సార్?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆ రోజు ఆయన్ని అంతవరకూ చెప్పనిచ్చానా నేను!