చిన్నవి పట్టణానికి, పెద్దవి పేటకు

బజారులో ఆమెను అందరూ గంపమ్మ అంటారు. నెత్తిన గంప, గంపలో అల్లుడు వలవేసి తెచ్చిన ఏటి చేపలు, గంపకంటే ముందు వీధిలోకి వచ్చే నోరు. "అలా నొక్కకు తల్లీ, అదేమన్నా పరుపా? కొంటే కొను, లేదంటే దారి వదులు" అనేది. అయినా జనం ఆమె దగ్గరకే వచ్చేవారు. నిన్నటి చేపను ఇవాళ్టిదని ఏనాడూ అమ్మలేదు మరి.

పట్టణం పుట్టకముందు నుంచీ ఆమె వాళ్లు ఆ ఏటి ఒడ్డు పేటలోనే ఉన్నారు. పట్టణం వాళ్లు నోరు చప్పబడితే చేప తింటారు, వీళ్లు ఆకలేస్తే తింటారు. కూతురు కడుపుతో ఉన్నన్నాళ్లూ గంపలోవాటిలోకెల్లా పెద్ద చేపను, ఎంత బేరం వచ్చినా అమ్మకుండా ఇంటికి తెచ్చేది. "రెండు ప్రాణాలే, ఇంకో ముక్క తిను" అని పక్కన కూర్చుని తినిపించేది. అలా పుట్టిన మనవరాలికి మూడేళ్లు నిండాయి. మాట రాలేదు. నాలుగడుగులు వేస్తే పడిపోతుంది. "కొందరు పిల్లలకు ఆలస్యమవుతుందిలే" అని అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెబుతూ వచ్చింది.

కూతురు మళ్లీ నెల తప్పింది. ఆస్పత్రివాళ్లు పేటకొచ్చి ఒంట్లో విషమేమైనా చేరిందేమో పరీక్ష చేయాలని తల్లులవీ పిల్లలవీ వెంట్రుకలు కత్తిరించి పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు నర్సమ్మ వచ్చి గడపలో కూర్చుని సంగతి చెప్పింది. ఎగువ గనిలో బంగారం తీయడానికి వాడే పాదరసం ఏట్లో కలుస్తోందట. చిన్న చేపల్లో కొద్దిగా, వాటిని తిని బలిసే పెద్ద చేపల్లో బోలెడంత. తల్లి తింటే కడుపులో బిడ్డ మెదడుకు తగులుతుందట.

"పెద్దవాటిలోనా?" అంది గంపమ్మ.

"అవునమ్మా. కడుపుతో ఉన్నవాళ్లూ, చిన్నపిల్లలూ వాటి జోలికే పోకూడదు. చిన్నవైతే ఎప్పుడన్నా కాస్త తినొచ్చు."

"మరి ఈ పిల్లకి నయమవుతుందా?"

"జరిగింది పూర్తిగా పోదమ్మా. పుట్టబోయేవాళ్లనన్నా కాపాడుకుందాం."

"గని ఆపరా?"

"అది మా చేతుల్లో లేదు."

గని ఆగదట, వీళ్ల నోళ్లే ఆగాలట!  గంపమ్మ కూతురి మొహం చూడలేకపోయింది. పాపిష్టి చెయ్యి, తన చెయ్యే కదా తినిపించింది.

ఆ కబురు పట్టణానికీ పాకింది. ఇక బజారులో అందరిదీ ఒకటే పాట. "చిన్నవే ఇవ్వు, పెద్దవి విషమట కదా!" చిన్నవి ఎగబడి కొన్నారు, పెద్దవాటి వంక చూసినవాడు లేడు. అమ్ముడుపోనివి ఎక్కడికి పోతాయి? పేటకే, పేటలో పొయ్యి మీదికే. విషమని తెలిశాక పట్టణం బాగుపడింది, పేటవాళ్ల పళ్లెంలోకి విషం రెండింతలు వచ్చింది. ఎంత చక్కని న్యాయం!

ఒకనాడు గంపమ్మ కొన్ని చిన్న చేపలను తడిగుడ్డ కింద దాచింది. ఎప్పుడూ కొనే టీచరమ్మ కంట పడనే పడ్డాయి.

"అవి ఇవ్వు."

"అమ్మకానికి కాదమ్మా. మా అమ్మాయికి. కడుపుతో ఉంది."

"పెద్దవి ఉన్నాయిగా, అవి పెట్టు. మీవాళ్లకి అలవాటేగా, ఏం కాదు."

గంపమ్మకు ఒళ్లు భగ్గుమంది. "అలవాటైన పిల్ల ఉందమ్మా మా ఇంట్లో. మూడేళ్లొచ్చినా అమ్మా అనలేదు. రేపు మీ గుమ్మంలో దింపుతా, పాఠం చెబుదురుగాని!"

టీచరమ్మ మళ్లీ ఆ పక్కకు రాలేదు.

ఆ సాయంత్రం చిన్న చేపలు కూతురికీ మనవరాలికీ వండింది. అవి ఎన్నని? పెద్దది తనూ అల్లుడూ తినడానికి పెట్టుకున్నారు. "నాకింక పిల్లలు పుట్టాలా ఏంటి" అని తునక తుంచుకుంది. మనవరాలు తన పళ్లెం నాకేసి, పాక్కుంటూ వచ్చి, రోజూలాగే అమ్మమ్మ పళ్లెంలో చెయ్యి పెట్టింది.

గంపమ్మ ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది. పుట్టినప్పటి నుంచీ పిల్ల మీద చెయ్యి చేసుకుని ఎరగదు.

"అదేంటమ్మా, ఆకలేసి వస్తే కొడతావా!" అని కూతురు అరిచింది.

పిల్ల ఏడవలేదు. అమ్మమ్మ మొహంలోకి అర్థంకానట్టు చూసింది. దెబ్బతిన్న చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చెయ్యి చాచింది.

గంపమ్మ దాని మీదా కొట్టింది.