మూడో ప్రాణం

మా మేనత్త లవ్‌డే బావి దగ్గరకు వెళ్లేది కాదు. సముద్రం వైపు కొండ అంచుకు వెళ్లేది కాదు. కాన్పులో పోతుందేమోనని మా అమ్మ ఎమ్లిన్ ఆమెకు వచ్చిన రెండు సంబంధాలూ తిప్పి పంపింది.

కారణం మా కౌలు. ట్రెగార్త్ పొలాన్నీ ఇంటినీ తాత ముగ్గురి ప్రాణాల మీద కౌలుకు తీసుకున్నాడు. పత్రంలో రాసిన ముగ్గురిలో చివరివారు కన్నుమూసిన రోజున అంతా దొరదే. తాత పోయాడు. నేను ఉయ్యాలలో ఉండగా నాన్న చేపల వేటకు వెళ్లి పడవతో సహా మునిగాడు. మిగిలింది ఆరేళ్ల వయసులోనే పత్రంలో పేరెక్కిన అత్త. ఆమెతో పోయేది భూమి ఒక్కటే కాదు. మా వైపు మనిషికి ఇంటిపేరు ఇచ్చేది నేల. ట్రెగార్త్‌లో ఉన్నన్నాళ్లే మేం ట్రెగార్త్ వాళ్లం. తర్వాత వచ్చినవాళ్లు ఆ పేరుతో బతుకుతారు.

ఏటా కోతలయ్యాక దొర గుమాస్తా వచ్చి అత్త ముఖంలోకి తేరిపార చూసేవాడు. చిక్కిపోయావే అనేవాడు. ఆ వారమంతా అమ్మ ఆమె గిన్నెలో మీగడ రెట్టింపు వేసేది. అది అత్తకు గొంతు దిగేది కాదు.

నా తొమ్మిదో ఏట రేవులో మశూచి దిగింది. అమ్మకు అంటుకుంది. ఒళ్లు కాలిపోతుండగానే గడ్డి కొట్టంలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. ఇరుగుపొరుగు మా వాకిలివైపు రావడం మానేశారు. మూడో రోజుకు అమ్మ మూలుగు కూడా సరిగా వినబడలేదు.

అత్త నీళ్లముంత పట్టుకుని కొట్టం తలుపు ముందు నిలబడింది. తలుపు తట్టింది.

"గడియ తియ్యి, వదినా."

"పో అవతలికి. కోడి గుడ్డును పొదిగినట్టు ఇన్నేళ్లు నిన్ను కాచింది ఇందుకా?"

"భయంగానే ఉంది. నాకు భయం లేనిదెప్పుడు? గడియ తియ్యి."

"నువ్వు పోతే నా పిల్ల ఏ ఇంటి పిల్లవుతుందే?"

"నువ్వు పోతే ఎవరి పిల్లవుతుంది?"

లోపల గడ్డి కదిలింది. తర్వాత గడియ చప్పుడైంది.

అమ్మ బతికింది. రెండు వారాలకు అత్తకు జ్వరం తగిలింది. నన్ను కొట్టం గోడ అవతల ఉండమంది. ఉన్నానా అని మాటిమాటికీ అడిగేది. ఉన్నానంటే, భయమేస్తోంది, ఏదైనా మాట్లాడమనేది. ఏం మాట్లాడాలో తెలియక మా మళ్ల పేర్లు వరసగా చెప్పేదాన్ని. ఒకటి మరిచిపోతే అందించేది. పదకొండో రోజున అడగలేదు.

వారంలోపే గుమాస్తా వచ్చాడు. ఒక ఆవుతో, రెండు దుప్పట్లతో కొండ మీది పెన్‌వర్న్ పొలానికి చేరాం. అక్కడి చర్చిలో మమ్మల్ని పెన్‌వర్న్ వాళ్లని రాసుకున్నారు. ఆ పేరుతో పిలిస్తే నేను నెలలోపే పలికాను. అమ్మ మాత్రం రెండేళ్ల దాకా ఆ పిలుపుకు తల తిప్పలేదు.