మస్తాన్ నన్ను పిలిచిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. సమాధుల తోట పక్కనే మా ఇల్లు. ఆ సమాధుల మీదే కూర్చుని పదో తరగతికి చదువుకున్నాను. ఇది దయ్యం సంగతని ఇప్పటికీ అనను. ఏమనాలో తెలియకే చెబుతున్నాను.

గుంటూరులో ఒక రేకుల షాపులో పనిచేస్తాను. కారం మిల్లులకు తొట్లు, గొట్టాలు చేస్తాం. రేకు కోసే మిషను బాగోగులు నావీ, మస్తాన్‌వీ. బ్లేడు మొద్దుబారితే విప్పి సాన పట్టిస్తాం. తిరిగి బిగించాక పై బ్లేడుకీ కింది బ్లేడుకీ మధ్య సందు సరిచూడాలి. సందు ఎక్కువైతే పల్చటి రేకు తెగకుండా నలిగి మడత పడుతుంది. అది చూసేటప్పుడు చేతులు బ్లేడ్ల మధ్యకి వెళ్లక తప్పదు. ఒకడు చెయ్యి పెడితే రెండోవాడు, పై బ్లేడుని దించే పెడల్ దరిదాపుల్లో ఉండకూడదు.

మస్తాన్ నాకంటే బాగా చిన్నవాడు. దాసన్నా అని పిలుస్తాడు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరూ టీకి వెళ్లారు. నేనొక్కణ్ణే మిషను వెనక కూర్చుని బోల్టులు బిగిస్తున్నాను. బ్లేడ్ల అవతలి నుంచి గొంతు వినపడింది.

"దాసన్నా, తొక్కమాకన్నా. చెయ్యి లోపలుంది."

మస్తాన్ గొంతే. పెద్దగా అరిచినట్టు కూడా లేదు, వణుకుతోంది. లేచి ముందువైపుకి పరిగెత్తాను. ఎవరూ లేరు. పెడల్ ఖాళీగా ఉంది. బయటికొచ్చి చూస్తే వాడు రోడ్డవతల టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

విన్న మాటలు చెబితే నవ్వాడు. ఎండ దెబ్బ తగిలిందనీ, మజ్జిగ తాగమనీ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి చేయగలిగిందంతా చేశాను. ఓనరు గారిని బతిమాలి బ్లేడు ముందు ఇనప జాలీ పెట్టించాను. సందు సెట్టింగుకి ముందు ఫ్యూజు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. పై బ్లేడు కింద కొయ్య దిమ్మ పెట్టేవాణ్ణి. మస్తాన్‌ని లోపల చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఇట్టయితే పని మర్చిపోతానని వాడు విసుక్కున్నాడు కూడా.

వానలు మొదలయ్యాక వాడు దర్శి ప్రయాణమయ్యాడు. వాడి బామ్మర్ది అక్కడ ట్రంకు పెట్టెల షాపు పెట్టి, కాలితో తొక్కే పాత మిషను కొన్నాడు. అది సరిగ్గా కోయడం లేదు, వచ్చి చూడమన్నాడు. నేను వెళ్లొద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఆ గొంతు సంగతి ఎత్తితే మళ్లీ నవ్వుతాడు. జాగ్రత్తలన్నీ మళ్లీ ఒప్పజెప్పి నేనే బస్సెక్కించాను.

మర్నాడు ఫోనొచ్చింది. నేను ఆసుపత్రికి చేరేసరికి మస్తాన్‌ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. బామ్మర్ది వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. చొక్కా నిండా రక్తం. షాపులో తామిద్దరమే ఉన్నామనీ, సెట్టింగు అయిపోయిందనుకుని పెడల్ మీద కాలు వేశాననీ చెప్పాడు.

"నా పేరు పిలవలేదండీ. దాసన్నా, తొక్కమాకన్నా, చెయ్యి లోపలుంది అన్నాడు. ఎవర్నంటున్నాడా అని వెనక్కి తిరిగాను. ఈలోగా కాలి బరువు పడిపోయింది."

నాకు వినపడిన సంగతి అతనికి తెలియదు. 

నేను చెప్పిన మాటే మస్తాన్ మనసులో ఉండిపోయి, ఆ క్షణాన నోటికొచ్చిందని నా భార్య అంటుంది. అయ్యుండొచ్చు. మరి ముందుగా నాకెక్కణ్ణుంచి వచ్చింది?

మస్తాన్ కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. కట్లు కట్టిన మూడోరోజు మస్తాన్ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ రోజు నీకు వినపడింది కదన్నా. తర్వాత ఇంకేమన్నా వినపడిందా?"

"లేదురా" అన్నాను.

 నేను నిజమే చెప్పాను. అంతకుమించి వాడికి చెప్పడానికి ఆ రోజు నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.