కంప్యూటరుకు దిష్టి

ఆ రోజుల్లో కంప్యూటరంటే ఇప్పటిలా పిల్లలు ఒళ్లో పెట్టుకుని ఆడుకునే వస్తువు కాదు. చిత్తూరు కోర్టు దగ్గర మా జిరాక్సు షాపులో దానికొక అద్దాల గది, గది బయట చెప్పులు విడిచే చోటు ఉండేవి. కక్షిదారులు ఎండలో నిలబడేవారు, కంప్యూటరు మాత్రం ఫ్యాను కింద ఉండేది. నేను ఆ షాపులో జిరాక్సు తీసేవాణ్ణి. అప్పటికి నా వయసు ముప్పై ఎనిమిది. (ఆ రోజుల్లో అని మొదలుపెట్టి ముప్పై ఎనిమిది అంటాడేమిటనుకోకండి. అక్షరాలు వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే నాకప్పుడు నాలుగేళ్లే.) నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. పాడైపోయిన జిరాక్సు కాగితాలు ఇంటికి తీసుకెళ్లి వేలు పెట్టి చదవడం నేర్చుకున్నాను. లోకమంతా అమ్మ, ఆవు అని మొదలుపెడితే నేను వాది, ప్రతివాది అని మొదలుపెట్టాను. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు తుడుస్తూ పట్టుకున్నాను, అందుకే ఈనాటికీ నాకు ఏబీసీడీలు వరుసలో రావు. ఈ పాట్లన్నీ ఒక్క కుర్చీ కోసం. అద్దాల గదిలో కంప్యూటరు ముందున్న చక్రాల కుర్చీ. పాత టైపిస్టు మానేసి తిరుపతి వెళ్లిపోయినప్పుడు మా ఓనరన్న నన్ను పిలిచి, "నువ్వూ నేర్చుకుంటాండావు కదప్పా, ఉగాది పోనీ, ఆ కుర్చీ నీదే సూడు" అన్నాడు. ఆ మాట నమ్మి రెండు వేళ్లతో పిటిషన్లు కొట్టడం సాధించాను.

ఆ కుర్చీ మీద కన్నున్నవాడు ఇంకొకడున్నాడు, ఓనరన్న బామ్మర్ది. అతనికి డిప్లొమా ఉంది. అది ఏ డిప్లొమానో ఎవరికీ తెలియదు, ఉందని మాత్రం అందరికీ తెలుసు. అతను రోజూ వచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, కంప్యూటరుకు గుచ్చి సినిమా పాటలు వినేవాడు. ఒకనాడు ఆ పాటలతో పాటు వైరస్ కూడా వచ్చింది. ఓనరన్న భక్తిగా స్వామి బొమ్మ పెట్టుకున్న తెర మీద, చాలీచాలని బట్టలతో ఎవరెవరో ఆడవాళ్లు ప్రత్యక్షమై మీకు లాటరీ తగిలిందని చెప్పసాగారు. డిప్లొమా ఒకసారి చూసి, గూడూరులో నిమ్మకాయల మండీలో అర్జంటు పనుందని బస్సెక్కేశాడు. ఇదే సందు అనుకున్నాను. పక్క వీధిలో కంప్యూటరు మీద రబ్బరు స్టాంపులు చేసే భాయ్ దగ్గర్నుంచి వైరస్ తీసే సీడీ తెచ్చి వేశాను. ఎర్ర అక్షరాలతో ఇరవై మూడు పేర్ల జాబితా వచ్చింది. ఒక్కో పేరు దగ్గరా ఆగి, తీసెయ్యనా అని అడిగింది. చదవడం రానివాడైతే భయపడి ఎక్కడో ఒకచోట ఆగేవాడు. నాకు చదువొచ్చాయె. ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివి ఇరవై మూడింటినీ తీసేశాను.

మర్నాడు పొద్దున ఓనరన్న వచ్చి కంప్యూటరు వేసి పాస్‌వర్డు కొట్టాడు. తెర మీద స్వామి కనపడ్డాడు. కనపడీ కనపడకముందే మాయమై మళ్లీ పాస్‌వర్డు అడిగే పేజీ వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ రెప్పపాటు దర్శనం, మళ్లీ బయటికి. (కొండ మీద గంటల తరబడి నిలబడ్డాక, జరగండి జరగండి అని భుజం పట్టి తోసేస్తారే, అచ్చం అలాగే.) నాలుగోసారికి అతని మొహం కందిపోయింది.

"ఏం చేసినావురా దాన్ని?" అన్నాడు. నిన్నటిదాకా నేను 'అప్పా'ని, ఇవాళ 'రా'ని.

"వైరస్ తీసినానన్నా."

"వైరస్ తీసినావా, నా ప్రాణం తీసినావా? ఊర్లో వకీళ్ల పిటిషన్లన్నీ దాంట్లోనే ఉండాయి! ఇది సరిగాకుంటే కుర్చీ మాట మర్సిపో!"

పిటిషను కోసం వచ్చి కూర్చున్న వకీలు గుమస్తా మధ్యలో దూరాడు. "ఇది రిపేరు గాదబ్బా. స్వామి మొగం సూపిచ్చి గెంటేస్తాండాడంటే దిష్టి తగిలుండాది. ఎదురుగా కొత్త షాపు పెట్టినోళ్ల కండ్లు ఎట్లుంటాయో సూసినావా?"

ఓనరన్నకు అది నచ్చింది. "పో, నిమ్మకాయలు, కర్పూరం, ఒక బూడిద గుమ్మడికాయ తీసుకురా. దాన్ని మాత్రం ముట్టుకోవాకు" అని నాతో చెప్పి, రాహుకాలం ఎప్పుడు పోతుందో కనుక్కోవడానికి గుమస్తాతో టీ అంగడికి వెళ్లాడు. వాళ్లు మలుపు తిరగ్గానే నాలుగు మరలు విప్పి, కంప్యూటరు లోపలి డిస్కు ఊడదీశాను. (వారం వారం దాని దుమ్ము దులిపేది నేనే కాబట్టి లోపల ఏది ఎక్కడుందో నాకు తెలుసు.) తువ్వాలులో చుట్టి సంచిలో వేసుకుని భాయ్ దగ్గరికి పరుగెత్తాను.

భాయ్ ఆ డిస్కును తన కంప్యూటరుకు తగిలించి చూసి తల కొట్టుకున్నాడు. "అరే, పాస్‌వర్డు కొడితే వాకిలి తీసే ఫైలొకటుంటాది, వాణ్ణే తరిమేసినావు గదప్పా! దొంగ వాని అంగీలో దూరినాడు, నువ్వు ఇద్దర్నీ కలిపి పంపించేసినావు. ఇంగ లోపలికి ఎవరు రానిస్తారు?"

"ఇప్పుడెట్ల భాయ్?"

"నా మిషన్లో కూడా అదే మనిషుండాడు. వాణ్ణి నకలు తీసి నీ దాంట్లో పెడతా. జిరాక్సు నీకు తెలీని పనా?"

పావుగంటలో పని అయిపోయింది. దారిలో కొన్న నిమ్మకాయలు, కర్పూరం సంచిలో డిస్కు మీద పోసుకుని, గుమ్మడికాయ చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి వాళ్లు నాకంటే ముందే వచ్చి, కంప్యూటరు డబ్బాకు పసుపు రాసి సిద్ధంగా ఉన్నారు. ఓనరన్న నా సంచిలో చేయి పెట్టాడు. "ఈ తువ్వాల్లో ఏముండాది?" "రాగి సంగటన్నా, మధ్యాన్నానికి." చేయి తీసేశాడు. ఇక ఇద్దరూ కలిసి, లోపల గుండెకాయ లేని ఆ డబ్బా చుట్టూ గుమ్మడికాయను మూడుసార్లు తిప్పారు. నిమ్మకాయలు కోశారు, కర్పూరం వెలిగించారు. పొగ పోయేదాకా ఎవరూ గదిలో ఉండకూడదని గుమస్తా శాస్త్రం చెప్పాడు. ముక్కలు ఎత్తేస్తానని నేను లోపలే ఉండిపోయి, అద్దాల్లోంచి ఏమీ కనపడని ఆ పొగలో దగ్గుకుంటూ డిస్కు బిగించాను.

పొగ పోయింది. ఓనరన్న పాస్‌వర్డు కొట్టాడు. స్వామి కనపడ్డాడు. కదల్లేదు. ఓనరన్న కళ్లనీళ్లు పెట్టుకుని చేతులు జోడించాడు. "సెప్పలా?" అన్నాడు గుమస్తా.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకునే నోరు నాకు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. "అన్నా, మీరు దిష్టి తీసినప్పుడు దాంట్లో డిస్కే లేదు. సంగటి గాదు, సంచిలో ఉండింది అదే. బాగుచేసింది నేనూ భాయూ. మీరు తిప్పింది ఖాళీ డబ్బాకు" అన్నాను.

గుమస్తా పడీ పడీ నవ్వాడు. అతను నవ్వకుండా ఉంటే ఆ కుర్చీ నాకు దక్కేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను. ఓనరన్న అతని నవ్వును చూసి, నన్ను చూసి, "నాలుగక్షరాలు కూడబలుక్కుంటే ఇంజనీరైపోతావా? బాగయింది దిష్టితోనే. పో, జిరాక్సు కాడ జనం నిలబడుండారు" అన్నాడు. సోమవారం డిప్లొమా గూడూరు నుంచి వచ్చి చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. పెన్‌డ్రైవు గుచ్చి పాట పెట్టాడు. ఉగాది వచ్చింది, పోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తితే వినిపించుకోలేదు.

ఆ షాపులో ఇంకా తొమ్మిదేళ్లు జిరాక్సు తీశాను. ఎందుకు మానెయ్యలేదని నా భార్య అడిగేది. చదువొచ్చినవాళ్లు నా చదువును నమ్మరని తెలిశాక కూడా, ఆ గదికి దగ్గరగా ఉంటే చాలనుకున్న ఆ పిచ్చి మనిషిని తలుచుకుంటే కోపం వస్తుంది, కాసేపయ్యాక నవ్వూ వస్తుంది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం కంప్యూటరుకు దిష్టి తీయాలని ఓనరన్న నియమం పెట్టాడు. ఆ పని నాకే అప్పజెప్పాడు. పొగ పోయేదాకా ఓనరన్నా, డిప్లొమా ఇద్దరూ అద్దాల బయట నిలబడేవారు. ఆ పది నిమిషాలు నేను చక్రాల కుర్చీలో కూర్చునేవాణ్ణి. నా పేరు కొట్టుకుని, చూసుకుని, తుడిచేసేవాణ్ణి. పొగ మరీ తొందరగా పలచబడుతోందనిపిస్తే, ఇంకో కర్పూరం బిళ్ల వేసేవాణ్ణి.