రెండు కోర్ల చురుకు, నాలుగు కోర్ల ఓపిక

అక్క అని నేను పిలిచే ఆవిడ నాకు చుట్టం కాదు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్. నాది ఆదోని వైపు, ఆవిడది మహబూబ్‌నగర్ వైపు. నేను రాసిన కోడ్‌ని ఆవిడ పక్కన కూర్చుని చదువుతుంటే, తప్పు దొరక్కముందే నాకు చెమటలు పట్టేవి. కానీ ఒక్కసారి కూడా కసురుకోలేదు. "ఇక్కడ నీ మనసుల ఏమనుకున్నవో చెప్పు" అనేది. చెబుతూ చెబుతూ ఉండగానే తప్పు నాకే కనిపించేది. పని అలా నేర్చుకున్నాను.

కొన్నేళ్ళకి ఆవిడ చూపు అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. రెటీనా జబ్బు, మందు లేదన్నారు. మొదట స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసుకుంది. తర్వాత నలుపు మీద పసుపు రంగులో పెట్టుకుంది. చివరికి అవీ అందలేదు. ఆఫీసులో ఎవరూ వెళ్ళమనలేదు, తనే రాజీనామా రాసి ఇచ్చింది. ఒంటరిగా ఉండొద్దని నేనే పట్టుబట్టి బ్రూక్‌ఫీల్డ్‌లోని నా ఇంటికి తీసుకొచ్చాను. కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఫోన్‌లో వార్తలు వింటూ గడిపింది. ఆ తర్వాత ఒక ఉదయం, "నేర్పేటోళ్ళు ఉన్నరట, నన్ను దింపి వస్తవా?" అని అడిగింది.

అది చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పే చోటు. స్క్రీన్ మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేయడం అక్కడ నేర్చుకుంది. మౌస్ ఉండదు, అంతా కీబోర్డు మీదే. మీట నొక్కితే మాట వస్తుంది. కోర్సు పూర్తయ్యే సమయానికి ఆ గొంతుని ఎంత వేగంగా పెట్టుకునేదంటే, పక్కనుంచి వినేవాళ్ళకి తుమ్మెద రొదలా ఉండేది.

ఇంట్లో సాధన చేయడానికి ఒక కంప్యూటర్ కావాలి. కొత్త లాప్‌టాప్ కొనిస్తానన్నాను.

"వద్దు" అంది. "నా డబ్బులతోని పాతది కొనుక్కుంట. నా చెవులకు ఏది సరిపోతదో నేనే చూసుకుంట."

ఒక శనివారం పొద్దున్నే ఇద్దరం ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్ళాం. పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో యజమాని పెద్దాయన, తరతరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడు. మా ముందు రెండు డెస్క్‌టాప్‌లు పెట్టాడు. రెండూ ఇంచుమించు ఒకే వయసువి, ఒకే ధరవి. మెమరీ అంతే, డిస్క్ అంతే. తేడా అల్లా ప్రాసెసర్‌లోనే. రెండిట్లోనూ ఉన్నవి వాటి కాలంలో అన్నిటికంటే చవక రకాలే. ఒకదానికి రెండు కోర్లు, రెండోదానికి నాలుగు. కోర్ అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే చెయ్యి అనుకోవచ్చు. రెండు చేతులదానికి ఒక్కో చెయ్యి చురుకు. నాలుగు చేతులదానికి ఒక్కోటీ నిదానం.

"ఇదే తీసుకోండమ్మా" అన్నాడు పెద్దాయన నాలుగు కోర్లదాన్ని తట్టి. "నాలుగు ఉండాయి. సక్కత్తుగా, బలే బాగుండాది. రెండు కోర్లది ఇప్పుడెవురూ అడిగేది లేదు."

నా లెక్కా అదే. ఫోన్ తీసి రెండు ప్రాసెసర్ల పరీక్షల మార్కులు చూశాను. మొత్తం మార్కుల్లో నాలుగు కోర్లదే ముందుంది. ఒక్క కోర్ మార్కుల్లో మాత్రం రెండు కోర్లదానిది పైచేయి.

"నాకు ఏ మార్కులు లెక్కకొస్తయో ఈడ కూసుంటే తెల్వదు" అంది అక్క. ఆయన వైపు తిరిగి, "రెండూ ఇంటికి తీస్కపోయి చూసి, ఒకటి తెచ్చిస్తే ఒప్పుకుంటరా?" అని అడిగింది.

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తన మీద కాకుండా తన వెనక గోడ మీద ఆగిందని అప్పుడే గమనించాడనుకుంటాను. "తీసుకుపోండమ్మా" అన్నాడు. "నిదానంగా చూడండి. తొందరేమీ లేదు."

ఆ ఆదివారం మా హాలంతా వైర్లే. ఒకే సాఫ్ట్‌వేర్‌ని రెండిట్లోనూ ఎక్కించాం. పరీక్ష ఎలా చేయాలో అక్కే ఆలోచించింది. నా ఫోన్‌ని కీబోర్డు పక్కన పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టమంది. మీట నొక్కిన టక్కుమనే చప్పుడు, ఆ తర్వాత వచ్చే మాట, రెండూ ఒకే రికార్డింగులో పడతాయి. వాటి మధ్య ఖాళీ ఎంతో నేను ఫోన్ తెరమీద శబ్దపు గీతల్లో చూడాలి.

"నువ్వు కండ్లతోని చూడు, నేను చెవులతోని చూస్త" అంది.

అలా ఎన్నిసార్లు నొక్కిందో. ప్రతిసారీ ఆమె చెవులకి తోచిందీ, నా గీతల్లో కనిపించిందీ సరిపోయాయి. రెండు కోర్లదానిలో మీట నొక్కగానే మాట వచ్చేది. నాలుగు కోర్లదానిలో చిన్న జాగు. నాకైతే అదొక జాగని తట్టేదే కాదు. అక్కకి మాత్రం వరసల వెంట పరుగెత్తుతుంటే అడుగడుగునా ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఉండేదట.

"అయితే రెండు కోర్లదే" అన్నాను.

"ఆగు జర. నా పని చదువుడొక్కటేనా?"

ఒక పెద్ద ప్రాజెక్టు కోడ్ తీసుకుని, దాన్ని ప్రోగ్రాముగా కట్టే పని మొదలుపెట్టింది. ప్రాసెసర్‌ని ఊపిరాడనివ్వని పని అది. రెండు కోర్ల యంత్రం చేతులు రెండూ ఆ పనిలో పడిపోయాయి. గొంతు తడబడింది. మాటలు సగంలో తెగిపోయి, మీట నొక్కినా పలక్కుండా పోయింది. లోపలి ఫ్యాను రొద చేస్తోంది. అక్క చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆమె మొహం చూడలేకపోయాను. గొంతు ఆగితే ఆమెకి స్క్రీన్ ఆరిపోయినట్టే.

అదే పని నాలుగు కోర్లదానికి ఇచ్చాం. గొంతు ముందున్న ఆ చిన్న జాగుతోనే వచ్చింది గానీ ఒక్కసారీ తెగలేదు. ఆ కట్టే పని కూడా రెండు కోర్లదానికంటే చాలా ముందే ముగిసింది. ఇన్నేళ్ళ కిందటి చవక చిప్పు, అంత బరువు మీద పడినా బెదరకుండా మాట్లాడుతూ ఉంటే నిజంగా ముచ్చటేసింది.

ఒకదానికి చురుకుంది, ఒకదానికి ఓపికుంది. అక్క మధ్యాహ్నమంతా సోఫాలో పడుకుని ఆలోచించింది. సాయంత్రం టీ తాగుతూ అంది: "ఒకటి తిరిగి ఇయ్యద్దు. రెండూ ఉంచుకుంట."

రెండిటినీ కేబుల్‌తో కలిపింది. ముందు రెండు కోర్లది, ఆమెతో మాట్లాడటానికి. బల్ల కింద నాలుగు కోర్లది, బరువు పనులకి. ఇక్కడ కోడ్ రాసి అక్కడికి పంపుతుంది. అది కడుతూ ఉంటే ఇది నిరాటంకంగా చదువుతూ ఉంటుంది. రెండూ కలిపినా కొత్త లాప్‌టాప్ ధరలో చిన్న భాగమే అయింది. పెద్దాయనకి డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు జరిగింది చెబితే, "అట్లా కూడా చేయొచ్చా!" అని నవ్వి, మా ఇద్దరికీ కాఫీ తెప్పించాడు.

ఆ జంట మీదే ఆమె మళ్ళీ పనిలో పడింది. కొన్ని నెలలు రోజూ కోడ్ రాసింది. మొదటి ఇంటర్వ్యూ ఇంటి నుంచే ఇచ్చింది. వాళ్ళు మర్యాదగా మాట్లాడి, తమ పనికి కుదరదన్నారు. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ బల్ల ముందు కూర్చుంది.

రెండో ఇంటర్వ్యూ అప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. పొడవైన కోడ్ ఒకటి ఇచ్చి తప్పు పట్టమన్నారు. కాసేపు ఆ తుమ్మెద రొద తప్ప ఏమీ వినిపించలేదు. అవతలి మనిషి ఇంగ్లిషులో, ఏదో శబ్దం వస్తోంది, లైను బాగానే ఉందా అని అడిగారు.

"అది నేను చదువుతున్న చప్పుడండీ" అంది అక్క, ఇంగ్లిషులోనే, మామూలుగా. అలా అంటూనే తప్పు ఎక్కడుందో చెప్పింది. అది ఎందుకు జరుగుతుందో, ఎప్పుడు బయటపడుతుందో కూడా చెప్పింది. నేను తలుపుకి చేరబడి నిలబడిపోయాను. చూపున్న రోజుల్లో నా పక్కన కూర్చుని చదివిన మనిషే, అదే నెమ్మది.

ఆ ఉద్యోగం వచ్చింది. ఆఫీసువాళ్ళు మంచి లాప్‌టాప్ ఇచ్చారు. అక్క దాన్నీ ఫోన్ పెట్టి పరీక్షించాకే ఒప్పుకుంది.

ఇప్పుడు శనివారాల్లో తను నేర్చుకున్న చోటే పాఠాలు చెబుతోంది. మొన్న అక్కడి నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చారు, చూపు తగ్గి సంగీతం టీచరు ఉద్యోగం మానుకున్నావిడ. ఏ కంప్యూటర్ కొనాలని అడిగితే అక్క ఏ పేరూ చెప్పకుండా, రెండు యంత్రాల ముందూ కూర్చోబెట్టి వినమంది. ఆవిడ చాలాసేపు నొక్కి చూసి నాలుగు కోర్లదే బాగుందన్నారు. పాటలో గొంతునీ వాయిద్యాలనీ విడివిడిగా రికార్డు చేసి కలుపుకోవాలట, అది బరువు పని. ఆ చిన్న జాగు ఆవిడకి అసలు పట్టనే లేదు.