ఫారంలో నేను కొట్టిన టిక్కు

2006 మార్చిలో నేను వనపర్తిలో ఒక పెద్ద ఫైనాన్షియల్ కంపెనీ బ్రాంచిలో సేల్స్ మేనేజర్‌ని. పేరు గొప్పదే. పని మాత్రం బైకు మీద కోడేరు నుంచి వీపనగండ్ల దాకా తిరిగి జీవిత బీమా పాలసీలు చేయించడం. నింపిన ఫారం బ్రాంచిలో ఇవ్వడాన్ని ‘లాగిన్’ అంటాం. మార్చి నెలాఖరుకు ఎన్ని లాగిన్లు తెచ్చామన్నదే మా విలువ.

ఆ నెల చివరి వారం వీపనగండ్ల దగ్గరి ఊళ్లో బాలస్వామి అనే రైతు ఇంటికి వెళ్లాను. మూడెకరాల వేరుశనగ చేను, ఇద్దరు చిన్న పిల్లలు. తనకేమైనా అయితే ఇంట్లోవాళ్లు చేను అమ్ముకోకుండా ఉండాలనే పాలసీ తీసుకుంటున్నానన్నాడు. అతని భార్య మాణెమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది.

“మీ గ్లాసులనే చక్కెర ఉన్నది సార్. ఆయనకు బంద్” అంది.

“నాకు షుగర్ ఉన్నది సార్. రెండేండ్ల సంది గోలీలు మింగుతున్న. గది రాయాల్నా?” అన్నాడు బాలస్వామి.

ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తులో, ఆరోగ్యం గురించి వరుసగా ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి ‘ఎస్’ అని టిక్కు పెట్టినా మెడికల్ పరీక్షలకు మహబూబ్‌నగర్ వెళ్లాలి. ఫైలు ఏప్రిల్‌కు జారిపోతుంది.

“గోలీలతోని కంట్రోల్ల ఉన్నప్పుడు రాసుడెందుకు? ఏం కాదు” అన్నాను.

“ఇన్నవా, సారే ఏం కాదంటుండు. నువ్వేమో చాయ్ గూడ సక్కగ పోస్తలేవు” అన్నాడు భార్యతో.

“అయితే రేపటి సంది సార్‌నే పోయమను” అంది మాణెమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. నేను అన్నిటికీ ‘నో’ కొట్టాను. అతను చదవకుండానే సంతకం చేశాడు.

పద్నాలుగు నెలలకు బాలస్వామి గుండెపోటుతో పోయాడు. పాలసీ తీసుకున్న రెండేళ్లలోపు మనిషి పోతే కంపెనీ విచారణ చేయిస్తుంది. విచారణకు వచ్చినాయనకు దవాఖానలో షుగర్ చీటీలు దొరికాయి. జబ్బు సంగతి మీకు చెప్పాడా అని కంపెనీ నన్ను రాతపూర్వకంగా అడిగింది. చెప్పాడంటే నా ఉద్యోగం పోతుంది. చెప్పలేదని రాసిచ్చాను. క్లెయిమ్ ‘రెపుడియేట్’ అయింది, అంటే తిరస్కరించారు.

మాణెమ్మ బ్రాంచికి వచ్చింది.

“సార్, ఆయన చెప్పలేదని రాసిచ్చిన్రంట. ఆనాడు మీకు చక్కెర ఏసి, ఆయనకు ఏయకుంట చాయ్ పోస్తి. మర్చిపోయిన్రేమో, జర యాది చేసుకోండ్రి.”

“రోజుకు పది ఇండ్లల్ల చాయ్ తాగుత అమ్మా. యాదికి లేదు.”

ఆమె వెళ్లిపోయింది. నాకు అంతా గుర్తుంది, ఆమె గ్లాసు ఇచ్చిన చేతితో సహా.

మరుసటి ఏడాది వేరే కంపెనీకి మారాక, జరిగింది జరిగినట్టు రాసి పాత కంపెనీకి ఉత్తరం పంపాను. వాళ్లు ఫైలు మళ్లీ తెరిచి డబ్బు ఇచ్చారు. అప్పటికే చేను అమ్ముడుపోయింది. ఆ ఉత్తరాన్ని నా మంచితనమని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉద్యోగానికి ముప్పు తప్పాకే నాకు నిజం రాసే ధైర్యం వచ్చింది.

ఆ సంగతి నా నోటితోనే చెప్పాలని మాణెమ్మ ఇంటికి వెళ్లాను. అంతా విని, “యాదికొచ్చిందా సార్” అంది. మంచం వాల్చి కూర్చోమంది. చాయ్ మాత్రం పెట్టలేదు.

ఆ తర్వాత ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఆరోగ్యం ప్రశ్నలు ఒక్కొక్కటీ పైకి చదివాను. ఇంటామెను పక్కన కూర్చోబెట్టి, పెన్ను ఇంటాయన చేతికే ఇచ్చాను. కొన్ని లాగిన్లు ఏప్రిల్‌కు జారాయి, పైవాళ్లు తిట్టారు. ఆ టిక్కు కంపెనీ కాగితం మీద పడుతుందనుకునేవాణ్ని. అది మూడెకరాల చేను మీద పడింది.