కొంగుకు పెట్టిన మైకు

పాలమూరులో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను కిరాయికి దిగిన ఇంటి అవ్వకు వినికిడి దాదాపు పోయింది. చెవి మిషన్లతో పాటు ఆమె దగ్గర గుండీ అంత మైకు ఒకటి ఉండేది. అది పెట్టుకున్నవాళ్లు పక్క గదిలో ఉన్నా వాళ్ల మాట నేరుగా ఆమె చెవుల్లోకి పోతుంది. సాయంత్రం నేను రాగానే దాన్ని నా కొంగుకు పెట్టి, వేలితో రెండుసార్లు తట్టి, వాకిట్లో చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. నాకేమో విసుగు.

“ఏం చెప్పాలె అవ్వా?”

“ఏం చెప్పకున్నా మంచిదే బిడ్డా. గిన్నెలు తోము, గదిగూడ ఇనవడ్తది.”

ఒకరోజు నేను వంటింట్లో ఉండగా చిట్యాల నుంచి అమ్మ ఫోన్ చేసింది. మైకు సంగతి మరిచిపోయి, “గీ ముసలామెతోని తిప్పలైతాందమ్మా, ఇల్లు మారుత” అన్నాను. తల తిప్పి చూస్తే, వాకిట్లో చేట మీద ఆమె చెయ్యి ఆగిపోయి ఉంది.

ఆమె ఇక మైకు పెట్టదనుకున్నాను. మర్నాడు ఎప్పటిలాగే పెట్టింది, రెండుసార్లు తట్టింది. కానీ నా ఫోన్ మోగడం వినబడగానే లేచొచ్చి, తన చేత్తోనే దాన్ని తీసేసింది.

“మీ అమ్మతోని మంచిగ మాట్లాడుకో బిడ్డా, నేను ఇనను.”

బదిలీ అయ్యేదాకా నేను ఆ ఇల్లు మారలేదు. అవ్వ ఇప్పుడు లేదు. ఫోన్ మోగితే మాత్రం నా చెయ్యి ఇప్పటికీ కొంగు మీదికి పోతుంది, ఉందేమోనని.